తొమ్మిదో రేక

నర్సాపురం లేసు సొసైటీ మేడమీద గదిలోకి
నలుగురు వచ్చేరండి, పెట్టెలు మోసుకుని.
రెండు వయోలిన్లు,
పెళ్ళి బ్యాండులో చూసే క్లారినెట్టు ఒకటి,
నాలుగోది మనిషంత వయోలిను.
తణుకు ప్రభుదాసు దాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకుని గీస్తే
ఈనబోయే గేదె మూలిగినట్టుంటది.
వాళ్ళకి పాటలు కట్టే ఆవిడ మృణాళిని గారు.
జుట్టు నెరిసింది, రంగేసుకోలేదు. అది నచ్చింది నాకు.

"మీ జీవితాలు చెప్పండమ్మా, సంగీతం చేస్తాం" అన్నారు.
మొహమొహాలు చూసుకున్నాం.
ఎక్కడ్నించి మొదలెడతారండీ?
దారపుండకైతే కొస ఉంటది.

బుల్లెమ్మ కోడలి సంగతెత్తుకుంది, ఆపితే ఆగదు.
కరుణమ్మ తొంభై ఆరు తుఫాను చెప్పింది,
తలలు తెగిపోయిన కొబ్బరితోటలో
ఆ రాత్రి కాకులు ఎక్కడ పడుకున్నాయో
ఇప్పటికీ తెలీదంది.
కొల్లాటి పేరంటాలు ఏమీ చెప్పలేదు.
సూది ఆపలేదు, తలెత్తలేదు.
నేను మా ఆయన పోయిన ఏడు చెప్పేను.
అడిగినోళ్ళకి అదే చెప్పడం అలవాటు.

ఆవిడ రాసుకోకుండా నా వేళ్ళకేసి చూస్తన్నారు.
"పెదాలు కదుల్తున్నాయి, ఏం లెక్కమ్మా అది?"
మూడు గొలుసులు, ఒక ముడి,
ఐదు గొలుసులు, ఒక వదులు,
మళ్ళీ మూడు. ఎనిమిది రేకలైతే పువ్వు.
తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ నేర్పిన లెక్క,
అరవయ్యేళ్ళుగా నోట్లో నానతానే ఉంది.
క్లారినెట్టాయన బల్లమీద వేలితో అదే లెక్క కొట్టేడు.
ఒళ్ళు జలదరించింది.
నా నోట్లోది ఇంకోడి చేతిలో వినడం అదే మొదలు.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చి నా పాట వినిపించేరు.
మొదట్నించీ ఏడుపేనండి.
గేదె మూలుగు, దానిమీద వయోలిన్ల సాగతీత.
బుల్లెమ్మ కొంగుతో కళ్ళద్దుకుంది.
"ఎవరు పోయేరమ్మా?" అన్నాను నేను.
అందరూ ఆపేసేరు.

అప్పుడు చెప్పేను, ఎవరికీ చెప్పనిది.
ఏజెంటు నా కూలీ మా ఆయన చేతికే ఇచ్చేవోడు.
ఆయన పోయాక మొదటిసారి నా అరచేతిలో పెట్టేడు,
నూట పద్దెనిమిది రూపాయలు.
ఇంటికెళ్ళలేదు. మాధవాయిపాలెం రేవుకెళ్ళి పంటు ఎక్కేను.
అవతల సఖినేటిపల్లిలో నాకు చుట్టాల్లేరు, పనిలేదు.
గోళీసోడా తాగేను. గోళీ దిగి కీచుమంది,
నవ్వొచ్చింది. ఒక్కదాన్నే, గట్టిగా.
అదే పంటు మీద తిరిగొచ్చేను.
వశిష్ఠ పోటు మీదుంది, పంటు అటూ ఇటూ ఊగింది,
సోడా త్రేన్పులొచ్చేయి.
"ఈ పాటలో ఆ రేవేదమ్మా?"

ఆవిడ కాయితాలకేసి చాలాసేపు చూసేరు.
"ఎక్కడిదాకా తప్పిందంటారు?"
"కొస లాగండి. తప్పు కనబడేదాకా లాగెయ్యండి.
పది గంటల పని ఐదు నిమిషాల్లో ఊడదీస్తాం మేం.
చేతికి బాధేగానీ
దారం చెడదు."

మూడోసారి వాయించిన సాయంత్రం కరెంటు పోయింది.
కాయితాలు కనపడక వయోలిన్లు ఆగేయి.
ప్రభుదాసు ఒక్కడూ ఆపలేదు, పంటు ఊగుతానే ఉంది.
ఆ చీకట్లో పేరంటాలు
సూదితో తన గాజుమీద కొట్టింది:
మూడు. ముడి. ఐదు.
వదులు.
ఆ వదులు దగ్గర అందరం ఊపిరి బిగబట్టేం.
దాని బతుకేటో అది ఇప్పటికీ చెప్పలేదండి.
మృణాళిని గారూ అడగలేదు.

తెల్లారి ఏజెంటు నా పువ్వుని వెలుతురుకి పెట్టి చూసి
"తొమ్మిది రేకలేటి సూరాయమ్మా, ఊడదీసెయ్" అన్నాడు.
ఏ దేశంలో ఏ బల్లమీద పరుస్తారో,
అక్కడ ఎనిమిదే అడిగేరంట.
కూలీ కోసుకోమన్నాను.

దాన్ని తెచ్చుకుని మంచినీళ్ళ చెంబుమీద కప్పేను.
దాహమేసినప్పుడల్లా ఎత్తాలి.