కొలిమిగుండ్ల దాటాక

మూడో రోజు. ఎదురుగాలి.
కొండమీది గాలిమరలు దాన్ని కరెంటు చేసుకుంటున్నాయి,
నేను తొక్కిన చోటే తొక్కుతున్నాను.

రోడ్డు పొడుగునా నాపబండలు నిలబెట్టిన కంచెలు,
వాటెనక శనగచేను, పులుపు వాసన.
సిమెంటు లారీ ఒకటి
నా మొహానికి పౌడరద్ది పోయింది.

"యాడికి బోతాండావ్ నాయనా?"
శనగ పీకుతున్న అవ్వ.
(పేరు మాబున్ని, తర్వాత చెప్పింది.)
గండికోటకన్నాను.
"బస్సు ల్యాదా?"
ఉంది.
"దుడ్లు ల్యావా?"
ఉన్నాయి.
నన్నూ సైకిల్నీ కాసేపు చూసి
ఇంకేమీ అడక్కుండా
పచ్చిశనగ కట్టొకటి హ్యాండిలుకు వేలాడదీసింది.

ఆ మలుపు తర్వాత వాలు.
కాళ్లు ఆపేశాను.
చక్రం టికటికమంటూ తనే పోతోంది.
ఒంటిచేత్తో వొలిచి నోట్లో వేసుకున్న గింజ
ఉప్పగా ఉంది
చెమట నాదో,
చేనుదో.