కత్తెర సొరుగు

మే సత్యవేణీ,
పెట్టె తర్వాత విప్పుకుందువు గానీ, ముందు పెరట్లోకి రా.
నా విమానం రాత్రి రెండుకు.
వంట నీకొచ్చు, ఇస్త్రీ వచ్చు,
ఉమ్ సాలెం చాయలో ఎన్ని కుంకుమపువ్వు రేకలో
డ్రైవర్ చెప్తాడు.
ఈ తీగ సంగతి చెప్పే దిక్కు మాత్రం లేదు.

దీని పేరు క్లెమాటిస్.
నా నోటికి కలమతి అని వచ్చింది,
అట్లనే పిలుస్తాండా, పలుకుతాది.
చలిదేశం పిల్ల.
అల్ రాయ్ నర్సరీలో బొమ్మ చూసి మోజుపడి తెచ్చింది ఉమ్ సాలెం.
సల్వాలో ఈ వీధిలో ఇంకెవరింట్లోనూ లేదు,
ఏంటికి లేదో జూన్ వస్తే నీకే తెలుస్తాది.

పాదం నీడలో, తల ఎండలో.
మనకు తలకు గుడ్డ కావాల, దీనికి కాళ్లకు.
అందుకే మొదట్లో పగిలిన పెంకులు పరిచినా,
ఏసీ నీళ్లు కారే చోట బకెట్ పెట్టినా.
ఆ నీళ్లే పొయ్యి.
కుళాయి నీళ్లు మిద్దె మీద ట్యాంకులో ఉడికి ఉంటాయి,
బియ్యం వేస్తే అన్నమైతాది.

దుమ్ము రేగిన రోజు
ముందు కిటికీలు మూయమంటాది. మూయి.
అది అణిగినాక ఆకులు కడుగు,
అడుగు పక్క కూడా.

దీనికి నులితీగల్లేవు.
ఆకుకాడతోనే పట్టుకుంటాది,
నిండిన బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు.
లాగినావంటే పుటుక్కుమంటాది.
పాత దుపట్టా చీలికలతో కట్టు, వేలు దూరేంత వదులుగా.
చెన్నూరు ఆకుతోటలో
అవిసె చెట్లకు తమలపాకు తీగ కట్టించేది మా జేజి.
కట్టు కట్టుకూ వేలు దూర్చి చూసేది.
వేలు దూరకపోతే కూలి కోసేది.

నిరుడు ఎండాకాలం ఇది వట్టి పుల్ల.
సాలెం చూసి చెత్తలో వేయమన్నాడు.
నేను గోటితో గీకినా.
పైన గోధుమరంగు.
లోపల, దారమంత మందాన, పచ్చ.

ఫిబ్రవరి దాకా కాచుకున్నా.
మట్టి మీద నుంచి జానెడు కొలిచి,
రెండు మొగ్గలు ఎదురెదురుగా ఉబ్బిన చోట
వాటికి రవ్వంత పైన, కోసేసినా.
నాకంటే పొడుగు తీగ నా కాళ్ల దగ్గర పడింది.
ఉమ్ సాలెం అరుపుకు
పక్కింటి ఫిలిప్పీన్ పిల్ల గోడెక్కి చూసింది.

పదకొండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు.
చంపేసినానేమో అని నాకూ ఉండింది.
ఎవరికీ చెప్పలేదు,
గిన్నెలు మాత్రం గట్టిగా తోమినా.

పన్నెండోనాడు తెల్లారి, గిరా! గిరా! అని కేక.
దస్తగిరమ్మ ఆమె నోటికి పట్టలేదు,
వచ్చిన రోజే రెండక్షరాలకు కోసుకుంది.
పోయి చూస్తే
చీమ తలంత ఎరుపు. అంతే.
ఇద్దరం వంగినాం.
మోకాళ్ల నొప్పులు కదా, నా భుజం పట్టుకుంది.
ఆ పట్టులో వేలు దూరదు.

పూలా? ఏప్రిల్లో పద్నాలుగు. ఊదా రంగు.
బొమ్మలో ఉన్నంత పెద్దవి కావు.

కోసేటప్పుడు గ్లౌజు వేసుకో, రసం తగిలితే బో దురద.

ఇంగో మాట, కొంచెం మెల్లగా.
కత్తెర ఆమె గదిలో, సొరుగులో, తాళమేసి ఉంటాది.
అడిగితేనే తీస్తాది.
తీసినప్పుడు కత్తెర కిందికి చూడు,
నీలం అట్ట పుస్తకం.
నిన్నటి దాకా నాది. రేపటి నుంచి నీది.

కలమతికి ఏడాదికొక కోత చాలు.
నేను నెలనెలా అడిగేదాన్ని,
ఎండుటాకు ఉందనో, పువ్వు వాడిందనో.
అది ఏమీ అనుకోదు.
నువ్వూ అడుగు.
సొరుగు మూసేలోపల
ఆ మూడు సింహాలను ఒకసారి చూసుకో.

పా, బకెట్ నిండి ఉంటాది.