లైన్ల చెప్పులు

రాత్రి రెండింటికే తండా నుంచి నడిచొచ్చి
ఖానాపురం సొసైటీ గోదాం ముందట
ఎడమకాలి చెప్పు పెట్టిపోయింది బానోతు ద్వాలి.
కుడికాలిది ఇంటికాడనే ఉంచింది,
రెండూ పోతే మళ్ల కొనలేనని.

తెల్లారేసరికి నూటనలభై చెప్పులు.
చెప్పు లేనోడు రాయి పెట్టిండు,
రాయి మీద బొగ్గుతోని ఇంటిపేరు.
ఒకామె పాసుబుక్కు జిరాక్సు పెట్టి
గాలికి పోకుంట దాని మీద ఉల్లిగడ్డ పెట్టింది.

నేనీడ వేలిముద్రల మిషను పట్టుకునేటోణ్ని.
పదకొండేండ్లాయె.
పత్తి ఏరిన వేళ్లను మిషను గుర్తుపట్టది,
తడిగుడ్డతోని తుడిచి మళ్ల పెట్టిస్త,
మళ్ల,
మళ్ల.

"లారీ ఎప్పుడొస్తదే?"
సముద్రంల లొల్లి అయితాందట, అన్న.
"ఏ సముద్రం?"
హర్మూజ్ అని రెండుసార్లు చెప్పిన.
"అదేం ఊరు?"
ఊరు గాదు, సందు.
ఇటు గట్టున ఒకలు, అటు గట్టున ఒకలు,
నడుమంగ నూనె ఓడలు, గ్యాసు ఓడలు.
ఆ గ్యాసుతోనే మన తెల్లపలుకులు.

ద్వాలి నవ్వింది.
"మక్కచేనుకు ఏసేది గ్యాసా?
మరి అగ్గిపుల్ల గీస్తె అంటుకోదేంది?"
అంటుకున్నది గదా, అందామనుకున్న.
అనలే.

రామగుండంల మనకే ఫ్యాక్టరీ ఉండె గదా, అన్నడొకాయిన.
ఉన్నది. దానికీ పైపుల గ్యాసు రావాలె.
ఒకప్పుడు మన బొగ్గుతోనే చేసిండ్రట.
కాళ్ల కింద బొగ్గు పెట్టుకొని
ఎవలి సందు దిక్కో చూస్తానం.

అప్పటిదాక బీడీ కాల్చుకుంట కూసున్న
నీరటి కొమ్మాలు తాత లేచిండు.
"తూమన్నట్టు," అన్నడు.
గంతే. ఆయినకు పటం చూపియ్యనక్కర లేకపాయె.
"తూము ఎవని చేతులుంటె
ఆయకట్టంత వాని మొఖమే చూడాలె.
మా నాయిన కాలంల
మీది మడులోళ్లు, కింది మడులోళ్లు
గొడ్డండ్లు పట్టుకొని కట్టెక్కిండ్రు.
ఇద్దరు పోయిండ్రు, ఒకని చెయ్యి పోయింది.
పొద్దుగాల పోయి చూస్తె
నీళ్లు నీళ్ల తీరుగనే ఉన్నయి.
నీళ్లకేం ఎరుక, తమ్మీ."

బీడీ ఆర్పి మళ్ల అడిగిండు,
"ఆ సందుకు నీరటి ఎవలు?"
మేమే అని శానమంది అనుకుంటాండ్రు, అన్న.
"అట్లయితే కట్ట నిలువది."

నిలువదు.
ఏడనో చల్లటి గదిల, పొడుగు బల్ల మీద
పటం పరుచుకొని ఒకాయిన వేలు పెడ్తడు.
ఆ వేలుకు తడిగుడ్డ అక్కర లేదు.
ఒక్కపారి పెడితే చాలు,
లోకమంత గుర్తుపడ్తది.
ఆ వేలు కింద ఓడ ఆగుతది,
ఓడ ఆగినకాడ ధర లేస్తది,
ధర లేసినకాడ ఇంకో దేశం ఫిరంగులు తుడుస్తది.
ఆ వేలు జరిగిన సంగతి
మాకు లారీ రాకపోతేనే తెలుస్తది.

మూడింటికి లారీ వచ్చింది.
నూట ఇరవై బస్తాలు. తలకు రెండు.
అరవైమందికి ఒడిసింది.
ద్వాలి చెప్పు అరవైమూడోది.

ఆమె లొల్లి పెట్టలే.
మక్క మోకాలెత్తుకొచ్చింది, ఆకు కొసలు పసుపుపచ్చ,
వాన ముందటనే ఉన్నది, అన్నది.
నాతోని అన్నట్టు లేదు.
"చెప్పు ఉండనీ.
రేపటికి ఆ సముద్రపోళ్లు సల్లబడ్తరేమో."
రెండు కాళ్లూ ఉత్తయే, రోడ్డంచు పట్టుకొని పోయింది.

రాత్రి వాన కొట్టింది,
మందు పడితే పైరు లేచేటంత వాన.
నిద్ర పట్టలే నాకు.

పొద్దుగాల గోదాం తాళం తీయవోతె
ఎడమకాలి చెప్పుల చారెడు నీళ్లు.
ఒలకబోసిన.
దాని తావుల దాన్నే పెట్టిన,
మూతి గేటు దిక్కు.