దుబాసి

హవల్లిలో మా రిపేరు కొట్టుకి
తువ్వాల్లో చుట్టి తెచ్చింది నూరియా మేడం.
కీల మీద అరబ్బీ.
అలిఫ్ అరిగి కనపడదు,
ధాల్ మాత్రం నిన్న కొన్నట్టుంది.

పల్చటి తెరకి దీని ఊసే పట్టదు.
సెకనుకి పదిహేను వేల గీతలు గీసి పంపినా
దాని లెక్కలో నత్తనడకేనట,
సిగ్నల్ లేదని ఒకటే మాట.

ఇద్దరి మధ్యా అరచేతంత డబ్బా కూర్చోబెట్టాను.
దుబాయి సరుకే, చేసేది దుబాసి పని.
మూడో టంకానికి
నీలం.

అటూ ఇటూ నల్లటి పట్టీలు మిగిలాయి.
సాగదీసి నింపబోతే
"ఖల్లీ" అంది. అలాగే ఉండనీ.

కుడి నుంచి ఎడమకి తన పేరు కొట్టింది.
రెప్పపాటు వెనకగా వస్తోంది ఒక్కో అక్షరం.
వేలు గాల్లోనే ఆపి
చూస్తోంది ఆవిడ,
తెర అందుకునేదాకా.