రక్షిత కట్టడం

మంత్రిగారొస్తారు,
మూడు రోజులు బండి కనపడకూడదన్నారు మునిసిపాలిటీవాళ్ళు.
డే అండ్ నైట్ జంక్షన్‌లో
పగలూ రాత్రీ తప్ప
ఇంకేమీ ఉండకూడదన్నమాట.

"ఎలగూ తీయమన్నారు కదేటి,
శాలిహుండం దాకా తీసేద్దుం" అన్నాడు నాన్న.
ఆ పేరు ఆయన నోట్లో ఎన్నాళ్ళ నుంచి నానుతోందో.

టిఫిన్ వ్యాన్‌లో చోటు చేసుకోవడమంటే
ఇడ్లీ పాత్రని కదపకుండా
మనమే దాని చుట్టూ ఒదగడం.
బోర్లించిన పిండి డ్రమ్ము మీద నాయనమ్మ తవిటమ్మ,
గ్యాస్ బండకి ఆనుకుని తమ్ముడు గురువులు,
నా ఒళ్ళో అల్లం చట్నీ డబ్బా.
అమ్మ ముందు సీట్లో.

ఏడేళ్ళు ఆ కిటికీ వెనకే నిలబడ్డ మనిషి
రోడ్డంతా తన మీదికే వస్తుంటే
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక
గార దాకా
గరిట పట్టుకునే కూర్చుంది.

గారలో ఎవరో చెయ్యెత్తి ఆపారు:
"రెండు ప్లేట్లమ్మా."
"ఇయాల సెలవండీ" అంది.
బండి కదిలాక
పెదవులతో మళ్ళీ ఒకసారి అనుకుంది,
సెలవు.

నలభై మెట్లు లెక్కపెట్టి
మిగతావి మోకాళ్ళకి వదిలేసింది నాయనమ్మ.
పైన, ఇటుకల వలయాలు.
కింద వంశధార, తీరిగ్గా,
సముద్రం ఎక్కడికీ పోదని తెలిసినట్టు.
"ఎవులో పెద్ద అట్టేసి
తిరగెయ్యడం మరిసిపోనారు" అంది అమ్మ.

"ఈడ సాములుండీవోరట,
పొద్దున్నే గిన్నె అట్టుకుని దిగీవోరట."
"మరి ఆళ్ళకి ఎవులు పెట్టీవోరే?"
"మనలాటోలే.
అప్పు పుస్తకం నేకుండా."

నీలం బోర్డు దగ్గర గురువులు
కూడబలుక్కుంటూ చదివాడు.
పాడుచేసినా, తొలగించినా
జైలు, జరిమానా.
"తొలగించినా... అక్కడ మళ్ళీ సదవరా" అన్నాడు నాన్న.
వాడు మళ్ళీ చదివాడు.
నాన్న జేబులోంచి
నాలుగు మడతల మునిసిపాలిటీ కాగితం తీసి,
బోర్డు వైపోసారి, దాని వైపోసారి చూసి,
అదే మడతల్లో పెట్టేశాడు.

"రెండువేల ఏళ్ళు ఒక్క సోటే!" అంది అమ్మ.
"ఎవులికీ మామూలివ్వకుండానే."

సాయంత్రం కాపలా మనిషి బోడెయ్య
రాత్రిళ్ళు ఇక్కడ ఉండకూడదని చెప్పడానికొచ్చి
స్టవ్వు వైపు చూశాడు.
టీ సగమయ్యాక
"గేటు అవతలైతే నాకేటీ కనపడదు" అన్నాడు.
అమ్మ వద్దన్నా
పది రూపాయల బిళ్ళ కిటికీ గట్టు మీద పెట్టి పోయాడు.
సెలవు రోజు బేరం.

ఆ రాత్రి పిండి లేకపోయినా
వ్యాన్ పులుపు వాసనేసింది.
మూడింటికి అమ్మకి మెలకువొచ్చింది,
అలవాటు.
నానినవేమీ లేవు, రుబ్బేదేమీ లేదు.
వెనక తలుపు తీసుకుని మెట్టు మీద కూర్చుంది.
చాలాసేపు.
దూరంగా కళింగపట్నం దీపం
వచ్చి పోతోంది.
నేను నిద్ర నటిస్తూ చూశాను:
ఒక చేయి ఇంకో చేతిని పట్టుకుని ఉంది,
పరిచయం లేని ఇద్దరు
బస్సులో పక్కపక్కన కూర్చున్నట్టు మొదట,
తర్వాత అలా కాదు.

నాలుగో రోజు తెల్లారకముందే జంక్షన్.
మంత్రిగారు రానే లేదట.
నూనె ఓడిన నల్ల మచ్చ మీద
నాన్న చక్రాలు సరిగ్గా ఆనించాడు.

పెసరట్టు ధర కింద గురువులు
సుద్దముక్కతో రాశాడు:
రక్షిత కట్టడం.
నాన్న చూశాడు, చెరపలేదు.

పది గంటలకి పళ్ళేలు కడిగిన నీళ్ళు చింది
'రక్షిత' జారిపోయింది.
ఎవరో కొత్త మనిషి, మెడలో తువ్వాలు,
మిగిలిన మాట తలెత్తి చదివి అడిగాడు:
"పార్సిల్ కడతారా?"

"కడతాం బాబూ" అంది అమ్మ,
గరిట తిప్పుతూ.
"ఎన్ని?"