నెలజీతం గడి

గురువారంతో గడువు తీరిపోయింది సలోమి సిస్టర్‌కి.
ఆదివారం మాత్రం ఎప్పట్లాగే
కనిగిరి బస్సు దిగి, సంచి భుజానేసుకుని
మర్రిపూడి అడ్డరోడ్డు నుంచి నడిచొచ్చింది.

పాత పొగాకు బ్యారన్ మాది.
మంట ఆరి పదేళ్ళయినా
వాన పడితే గోడలు ఇంకా ఆకు వాసనేస్తాయి.
కర్రలు కట్టిన చోట ఇప్పుడు సెలైన్ సీసా వేలాడుద్ది.
చీటీలు రాసేది నేను.
పేరు, ఊరు, వయసు, ఏం బాధ.
ఏం బాధ దగ్గర సగం మందికి ఒకటే మాట: నడుము.
మా బోరు నీళ్ళు అట్టాంటివి.

ఆ రోజు ఆమె బీపీ మిషను బయటికి తీయలా.
స్టూలు మీద కూచుని
రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది,
ఎవరూ తెలియని పెళ్ళికొచ్చిన మనిషిలా.

సంగతి నాకు తెలుసు.
ఖాజా నెట్ సెంటర్లో మూడు గంటలు పక్కనే ఉన్నా.
అన్నీ ఎక్కాయి.
మడతల దగ్గర బట్టలా మెత్తబడిన
నలభై రెండేళ్ళ నాటి రిజిస్ట్రేషన్ కాయితం,
ఫోటో, రిటైరైన ఆర్డరు.
పనిచేసే చోటు అంటే బ్యారన్ అని కొట్టించింది.
నెలజీతం గడిలో మాత్రం
సున్నా పెడితే ఎర్రగా మండింది.
ఖాళీగా వదిలినా ఎర్రగానే మండింది.
"ఒక్క రూపాయి కొడతా సిస్టర్, ఎవుడు చూస్తాడు"
అన్నాడు ఖాజా.
"తీసుకోని రూపాయి ఎట్టా రాస్తావు నాయనా,
రాత్రికి నిద్ర పట్టొద్దూ?"
కాయితాలు సంచిలో సర్దుకుంది.
విజయవాడకి ఉత్తరం రాసింది, తన చేత్తోనే, రెండు పేజీలు.
జవాబు రాలా.

చట్టం తప్పని ఆమె ఏనాడూ అనలా.
ఏ కాయితమూ లేనోళ్ళ సూదులకి
కాలు చచ్చుబడ్డ పిల్లల్ని ఒళ్ళో వేసుకుని
ఒంగోలు దాకా జీపులో పోయిన మనిషి.
"ఆ కాయితం ఉండాల్సిందే" అంటది,
"నా దగ్గరైనా సరే."

మస్తాన్‌బీ కాలి కట్టు విప్పబోతే
"వద్దమ్మా, ఈ వారం నేను ముట్టకూడదు, పొదిలి పో"
అని బస్సు చార్జీ చేతిలో పెట్టింది.
నెలజీతం గడిలో మైనస్ గుర్తు పడుద్దో లేదో
ఖాజాని అడగాల.

తర్వాత మాలకొండయ్య.
మెడ తిరగదు ఆయనకి,
పక్కనోణ్ణి చూడాలంటే మనిషి మొత్తం తిరగాల.
అలవాటుగా చెయ్యి చాపాడు.
ఈ వారం లేదని చెప్పా. వినపడలా.
చెయ్యి అట్టానే గాల్లో ఉండిపోయింది,
కొద్దిగా వణుకుతా.

సిస్టరు తన వాచీ విప్పి
సంచిలో వేసి జిప్పు లాగింది.
అప్పుడు పట్టుకుంది ఆ మణికట్టు.
"నాడి చూడటంలా పెద్దాయనా.
ఊరికే. చెయ్యి పట్టుకున్నా."
"ఏదైతే ఏంలే" అన్నాడాయన.

బయట సుబాబుల్ కర్రల లారీ పోయింది.
దుమ్ము లోపలికొచ్చి మెల్లగా దిగింది.
నేను చీటీలో పేరు, ఊరు, వయసు రాసి
ఏం చేశారు అన్న చోట గీత గీశా.

ఆమె పెదాలు కదలటం మాత్రం చూశా.
అరవై దగ్గర ఆగిందో, డెబ్భై దాటిందో
అడగలా.