నాలుగో గది

తార్తులో ఏటి పక్క మా పేటకి
సూప్ పేట అని పేరు.
వీధులన్నీ కూరగాయలే: బఠాణీ వీధి, చిక్కుడు వీధి.
బంగాళాదుంప వీధి మలుపులో
మంచు కరిగి కారే చెక్కమెట్ల కింద నా కొట్టు.
ముప్ఫయ్యేళ్ళు రేడియోలు బాగుచేశాను.
అవి మాట్లాడేవి, నేను వినేవాణ్ణి.
ఇప్పుడొచ్చేవి మాట్లాడవు. వింటాయి.

బల్ల మీద వెల్లకిలా పడుంది
విర్వె గారి చీపురు యంత్రం,
తాబేలంత, నల్లగా.
చక్రానికి చుట్టుకున్నవన్నీ పట్టకారుతో లాగాను:
తెల్ల వెంట్రుకలు, పిల్లి బొచ్చు, ఎర్ర ఊలు పోగు,
చిన్న గులాబీరంగు గుండీ ఒకటి.
ఇంతవరకూ నా పని.
దుమ్ము ఎవరింట్లోనైనా దుమ్మే.

పరీక్షకని తీగ తగిలించానో లేదో
తెర మీద ఇల్లు విచ్చుకుంది.
ఎవరూ తలుపు తీయలేదు,
బూట్లు విప్పి రమ్మనలేదు.
వంటింట్లో నాలుగు చుక్కలు, బల్ల కాళ్ళు.
చుట్టూ ఎనిమిది, రెండు కుర్చీలవి.
మార్చి నుంచి నాలుగే.
కిటికీ దగ్గర పొడవాటి ఖాళీ,
ఒకప్పుడు అక్కడ మంచం ఉండేదేమో,
యంత్రం ఇప్పటికీ దాని అంచు వెంటే తిరిగి వెళ్తోంది.
చివర నాలుగో గది.
దాని మీద ఎవరో వేలితో గీసిన ఎర్రగడి:
ఇక్కడికి వెళ్ళొద్దు.

తెర మూసెయ్యొచ్చు. మూయలేదు.
కాఫీ చల్లారేదాకా చూస్తూ కూర్చున్నాను
దొంగతనమేం కాదులే అనుకుంటూ.
కింద పనివేళల పట్టీ:
రాత్రి రెండుంబావు, పది నిమిషాలు.
రాత్రి రెండున్నర, పన్నెండు నిమిషాలు.
మళ్ళీ రెండుంబావు.
ఆ వేళప్పుడు ఇల్లు ఊడ్చేదెవరు?
ఇంట్లో ఏదో ఒకటి కదలాలని కాబోలు,
అనుకున్నాను.
అనుకోవడానికి నేనెవర్ని?

సాయంత్రం ఆవిడ వచ్చింది,
టోపీ మీద మంచు దులుపుకుంటూ.
పన్నెండు యూరోలన్నాను.
అక్కడితో ఊరుకుంటే సరిపోయేది.
పనివాడి నోరు కదా, ఆగలేదు:
"నాలుగో గది గడప ఎత్తండీ,
దానికి కొట్టుకునే చక్రం అరిగింది."

డబ్బు లెక్కపెడుతున్న చేయి ఆగింది.
"మా ఇంటికి ఎప్పుడొచ్చావు, హిల్లార్?"

ఏం చెప్పను?
తెర ఆవిడ వైపు తిప్పాను.
కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది,
తన ఇంట్లో తానే దారి వెతుక్కుంటున్నట్టు.
"ఇది ఇంకా ఎవరి దగ్గరుంది?"
తెలియదన్నాను. తెలియదు నిజంగానే.
ఏ దేశంలో, ఏ చల్లటి గిడ్డంగిలో,
ఎన్ని నకళ్ళో.
చెరిపేశాను. అడుగున నీలం అక్షరాలు వెలిగాయి:
మీ ఇల్లు మాకు గుర్తుంటుంది.
అభయమో, బెదిరింపో.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.
"నా చిన్నప్పుడు కూడా వచ్చేవాళ్ళు,
పొడుగు కోట్లలో, మేం లేని వేళ చూసి.
మా అమ్మ బయటికెళ్తూ గడప లోపల
పొయ్యిబూడిద జల్లించి వెళ్ళేది, పల్చగా.
తిరిగొచ్చి వంగి చూసేది.
బూటు ముద్ర ఉంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరం
గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు."
యంత్రం పొట్ట మీద గోటితో ఒకసారి తట్టింది.
"ఇదైతే బూడిద కూడా ఊడ్చేస్తుంది."

డబ్బు ఇచ్చింది. యంత్రం తీసుకోలేదు.
తలుపు దాకా వెళ్ళి, గొళ్ళెం మీద చేయి ఉంచి,
వెనక్కి తిరగకుండానే అడిగింది:
"అందులో ఒక గుండీ దొరికిందా?"

చెత్తబుట్ట నేల మీద కుమ్మరించాను.
మోకాళ్ళ మీద కూర్చుని
ముప్ఫై ఇళ్ళ దుమ్ములో వేళ్ళు పెట్టి వెతికాను,
దీపం దగ్గరికి లాక్కుని, తుమ్ముతూ.
దొరికింది. చొక్కాకి తుడిచి ఇచ్చాను.
గుప్పిట మూసుకుంది.

ఎవరిదని అడగలేదు.